షూటింగులు కొరాపుట్‌లో, పాటలు హైదరాబాదులో

2025 మార్చిలో రాజమౌళి, మహేశ్‌బాబు సినిమా షూటింగు ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో జరుగుతోందని తెలిసిన దగ్గర్నుంచీ జయపురం, సునాబెడ, సెమిలిగుడ వైపు తెలుగువాళ్ల ఫోన్లకి రెస్టు లేదు. ఎవరి బావమరిది ఎవర్ని చూశాడు, ఏ హోటల్ ముందు ఎంతమంది నిలబడ్డారు, ఏ వీడియో బయటికొచ్చింది, ఎక్కడ చూసినా ఇదే మాట. ప్రియాంకా చోప్రా, పృథ్వీరాజ్ సుకుమారన్ కూడా వచ్చారు. షూటింగు మధ్యలో వీలు చూసుకుని రాజమౌళి ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన దేవమాలి కొండెక్కారు, అది 1672 మీటర్లు. పైనుంచి చూస్తే అద్భుతంగా ఉందనీ, దారంతా జనం పడేసిన చెత్త చూస్తే బాధేసిందనీ రాశారు. అదే ఏడాది నవంబరు 15న రామోజీ ఫిల్మ్ సిటీలో ‘వారణాసి’ అని పేరు ప్రకటించారు. సంగీతం కీరవాణి, విడుదల 2027 వేసవి అన్నారు. ఇక అప్పటిదాకా ఇక్కడ లెక్కలన్నీ ఆ వేసవి మీదే.

సినిమావాళ్లు ఇటు రావడం కొత్తేమీ కాదు. 2023లో ‘పుష్ప 2’ కోసం మల్కన్‌గిరి దాకా వచ్చారు, అరకులో అయితే ఎన్ని తెలుగు పాటలు తీశారో లెక్కే లేదు. వచ్చినవాళ్లు కొండని తీసుకెళ్తారు, పొగమంచుని తీసుకెళ్తారు, ఘాట్ రోడ్డు మలుపుల్ని తీసుకెళ్తారు. ఆ కొండ కింద ఉన్న మనిషి మాట, పెళ్లిలో వాయించే డప్పు, జాతరలో పాడే వరస మాత్రం చాలాసార్లు ఇక్కడే ఉండిపోతాయి. దానికి పెద్ద సినిమాని తిట్టి లాభం లేదు. గంటలకొద్దీ ఫుటేజీ తీసి అందులో చాలావరకు పారేసే పనిలో వాళ్లకి కావాల్సింది వాళ్లు ఏరుకుంటారు. ఒక యాస పెద్ద తెర మీదికి రావాలంటే ముందు చిన్న పాటలో నిలబడాలి, అంటే ఇప్పుడు అందరూ ఇండీ అంటున్న సొంత పాటలో. ఆంధ్రా, ఒడిశా సరిహద్దు తెలుగు విషయంలో తేడా వస్తున్నది అక్కడే. ఎందుకు వస్తోందో చూస్తే కారణాల్లో చాలావరకు మన చేతిలో ఉన్నవే.

ముందు ఈ సరిహద్దు అంటే ఏమిటో చెప్పుకోవాలి, ఎందుకంటే విజయవాడ, హైదరాబాదు వాళ్లకి బరంపురం అంటే రైల్లో పలాస దాటాక వచ్చే ఒక స్టేషన్ మాత్రమే. గంజాం జిల్లాలో బరంపురం, గజపతి జిల్లాలో పర్లాకిమిడి, అటు రాయగడ, గుణుపురం, కొరాపుట్, జయపురం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గీత ఇళ్ల మధ్య నుంచి పోయింది, మనుషులు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. రాష్ట్రపతి అయిన వి.వి. గిరి బరంపురంలో తెలుగు ఇంట్లో పుట్టినవారే. ఇప్పటికీ పట్టు నేసే ఇళ్లలో, అప్పడాలూ ఆవకాయలూ అమ్మే కొట్లలో తెలుగు వినిపిస్తుంది. బయట ఒడియా, ఇంట్లో తెలుగు, ఫోన్లో హిందీ. ఇంట్లో తెలుగు కూడా అచ్చంగా ఉండదు. ‘సరే’ అనాల్సిన చోట ‘హఉ’ అంటాం, వదిన్ని ‘భౌజొ’ అని పిలిచే ఇళ్లూ ఉన్నాయి, ‘త్వరగా రా’ అనం, ‘బేగి రా’ అంటాం. ఇదే మన తెలుగు.

సినిమా వ్యాపారం లెక్కల్లో మాత్రం ఈ జనానికి సొంత గడి లేదు. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్ అని వసూళ్లు రాసే పట్టికల్లో మనం ‘రెస్ట్ ఆఫ్ ఇండియా’లో కలిసిపోతాం. పైగా బరంపురం కుర్రాడు మొదటి రోజు మొదటి ఆట కోసం బస్సెక్కి ఇచ్ఛాపురం వెళ్తే ఆ టికెట్టు ఉత్తరాంధ్రలో పడుతుంది, పర్లాకిమిడి కుటుంబం రెండడుగులేసి పాతపట్నంలో సినిమా చూస్తే అదీ అంతే. లెక్కలో కనబడని ప్రేక్షకుడి కోసం ఎవరూ ప్రత్యేకంగా ఏమీ చెయ్యరు. ఇందులో కుట్ర ఏమీ లేదు, పట్టిక అలా గీశారు, అంతే.

ఇంకో సంగతి గుర్తు చేసుకోవాలి. వాడుక భాషలో రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి ఆ పని చేసింది పర్లాకిమిడిలో ఉంటూనే. అక్కడ మాస్టారుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువూ వ్యాకరణమూ రాశారు. జనం మాట్లాడేదే భాష అన్నారు. ఒడిశా ఏర్పడ్డాక 1936లో రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం, ఆయన నడిచిన ఊళ్లో పుట్టి గిటారు పట్టుకున్న పిల్లలు మాత్రం పాట రాసేటప్పుడు హైదరాబాదు సినిమా తెలుగులోకి మారిపోతున్నారు. నోట్లో ‘ఏటి’ ఉన్నవాడు పాటలో ‘ఏంటి’ అంటాడు. ఆ ఒక్క అక్షరం దగ్గరే పాట వేరేవాళ్లదైపోతుంది.

ఉత్తరాంధ్ర యాస సినిమాల్లోకి వస్తోంది కదా అనొచ్చు. వస్తోంది, సంతోషం. 2020లో వచ్చిన ‘పలాస 1978’ దీనికి పెద్ద మలుపు. కరుణకుమార్ తీసిన ఆ సినిమాలో రఘు కుంచె ‘నక్కిలీసు గొలుసు’ అనే శ్రీకాకుళం జానపదాన్ని తీసుకుని చేశారు. ఆ పాట సినిమా కంటే ఎక్కువ దూరం వెళ్లింది, ఇప్పటికీ బరంపురంలో పెళ్లి ఊరేగింపులో అది పడకుండా బ్యాండు ముందుకు కదలదు. అది ఎందుకు పట్టిందంటే పదాలు అక్కడివి, వరస అక్కడిది, పాడిన తీరులో సిగ్గు లేదు. 2025 ఫిబ్రవరి 7న వచ్చిన ‘తండేల్’ శ్రీకాకుళం జాలర్ల కథ, పాకిస్తాన్ జైలుకి వెళ్లొచ్చిన నిజం మనుషుల మీద ఆధారపడిన కథ. నాగచైతన్య యాస కోసం కష్టపడ్డాడని వింటుంటేనే తెలుస్తుంది, కొన్ని చోట్ల అతికింది, కొన్ని చోట్ల బట్టీ పట్టినట్టుంది. దేవిశ్రీప్రసాద్ పాటలు హిట్టే గానీ అవి సముద్రం ఒడ్డు పాటలు అనిపించవు, ఏ ఊరి ప్రేమకథలో పెట్టినా సరిపోతాయి.

‘పెద్ది’ విషయంలో అదే తేడా ఇంకా స్పష్టంగా కనిపించింది. బుచ్చిబాబు ఉత్తరాంధ్ర పల్లె నేపథ్యం పెట్టుకున్నాడు, రామ్‌చరణ్ చేత ఆ మాట పలికించాడు, ఆ మొదటి గ్లింప్స్ చూసి ఇక్కడ కుర్రాళ్లు ఎగిరి గంతేశారు. 2025 నవంబరులో వచ్చిన మొదటి పాట ‘చికిరి చికిరి’ రెహమాన్ చేశాడు, పాడింది మోహిత్ చౌహాన్. ట్యూను బాగుంది, రెండోసారికే నాలుక మీద కూర్చుంటుంది, దాని మీద గొడవ లేదు. కానీ డైలాగులో యాస వదలని సినిమా పాట దగ్గరికొచ్చేసరికి హిందీలో పేరున్న గొంతుని ఎంచుకుంది. దేశమంతా విడుదల చేసే సినిమాకి అది వ్యాపారంగా సరైన లెక్కే కావొచ్చు. అభిమానిగా మాత్రం ఆ పాట వింటున్న ప్రతిసారీ పార్వతీపురం వైపు గొంతు ఒక్కటి, కనీసం వెనక కోరస్‌లో అయినా, ముందుకొచ్చి ఉంటే ఎలా ఉండేదో అనిపిస్తుంది. యాస అంటే పదాల జాబితా మాత్రమే అయితే ఎవరైనా పాడొచ్చు. దీర్ఘం ఎక్కడ లాగాలి, వాక్యం చివర గొంతు ఎక్కడ పైకి లేవాలి అనేది కూడా యాసే, అది కాగితం మీద రాసివ్వడం కుదరదు.

ఇప్పుడు సొంత పాటల సంగతి. తెలుగులో ఇండీ అనగానే రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి హైదరాబాదు, వైజాగ్ కుర్రాళ్లు గిటారు పట్టుకుని చేసే మెత్తటి ప్రేమ పాటలు, సగం ఇంగ్లీషు కలిపినవి. వీటిలో రికార్డింగు బాగుంటుంది, మాట పలచగా ఉంటుంది. రెండోది తెలంగాణ జానపదం నుంచి పుట్టిన యూట్యూబ్ పాట. విమర్శకులు దాన్ని ఇండీ అని ఒప్పుకోరు గానీ సినిమా కంపెనీ అండ లేకుండా, సొంత ఖర్చుతో తీసి, నేరుగా జనంలోకి వదిలిన పాట ఇండీ కాకపోతే ఇంకేది ఇండీ? 2021లో ‘బుల్లెట్టు బండి’ పాట ఒక పెళ్లికూతురు డాన్సు వీడియోతో రాష్ట్రాలు దాటింది. మోహన భోగరాజు పాడిన ఆ పాట అప్పుడు గుణుపురంలో కూడా మోగింది. అప్పటికే తెలంగాణ పాటకి ఒక దారి తయారై ఉంది. ఊరి పదం, పొలం గట్టు మీద తీసిన వీడియో, జంట డాన్సు, పెళ్లిలో రెండోసారి బతుకు. ఆ దారిలో అన్నిటికంటే ముఖ్యమైనది యాసని దాచుకోకపోవడం. పదేళ్ల కింద సినిమాల్లో విలన్‌కీ కమెడియన్‌కీ మాత్రమే ఇచ్చిన యాసలో వాళ్లు ప్రేమ పాట పాడారు, ఏడుపు పాట పాడారు, అలా జనం చెవి మారింది.

ఇటువైపు సరుకు తక్కువా? అస్సలు కాదు. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’ అని రాసి పాడిన వంగపండు ప్రసాదరావు పార్వతీపురం దగ్గర పెదబొండపల్లివారు, 2020 ఆగస్టులో పోయారు. పార్వతీపురం నుంచి అదే రైలు పట్టాల మీద పైకెళ్తే రాయగడ. సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు తెలుగు సినిమా పాటకి ఒక రూపం ఇచ్చినవారు, సాలూరు నుంచి ఘాట్ ఎక్కితే సుంకి, ఆ పైన పొట్టంగి, కొరాపుట్. కొండ మీద ధింసా అటు అరకులోనూ ఇటు కొరాపుట్‌లోనూ ఆడతారు, కొరాపుట్‌లో ‘ధెమ్సా’ అంటారు, అంతే తేడా. రొమ్ముకి కట్టుకుని వాయించే తప్పెటగుళ్లు, కాళ్లకి గజ్జెలు, ఒకే ఊపులో గుండ్రంగా తిరిగే జట్టు. గంజాంలో చైత్రంలో దండనాట, బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి జాతర, ఆ జాతరలో ఒళ్లంతా పసుపు రంగు పూసుకుని నల్ల చారలు గీసుకుని ఆడే పులివేషం. ఇంత ధ్వని చుట్టూ ఉన్నవాడు ల్యాప్‌టాప్‌లో ఎవరో అమెరికావాడు చేసిన డ్రమ్ లూప్ కొనుక్కుని దాని మీద పాట కడుతున్నాడు.

ఇటువైపు కథలు చెప్పేవాళ్లు వాయించే జముకు సంగతి కొంచెం వివరంగా చూద్దాం, అసలు విషయం అందులో ఉంది. జముకు అంటే గుండ్రటి డబ్బా లాంటి వాయిద్యం, ఒక వైపు తోలు మూత, ఆ తోలు మధ్యలోంచి ఒక నరం తీగ బయటికి వస్తుంది. డబ్బాని చంకలో ఇరికించుకుని, తీగ రెండో కొసని ఒక చేత్తో లాగి పట్టుకుని, రెండో చేత్తో మీటుతారు. లాగుడు పెంచితే శ్రుతి పైకి పోతుంది, వదిలితే కిందికి జారుతుంది. అందుకే అది తాళమూ వేస్తుంది, మాట్లాడినట్టూ ఉంటుంది. కథ చెప్పేవాడు ఒక మాట అంటే జముకు ‘అవునా?’ అన్నట్టు పలుకుతుంది. ఈ జారుడు శబ్దం మనిషి గొంతు ఉండే మధ్య స్థాయిలో ఉంటుంది. ఇప్పుడు ఫోను సంగతి చూడండి. చిన్న స్పీకరు 200, 300 హెర్ట్జ్ కింద ఉన్న శబ్దాన్ని సరిగా పలికించలేదు. హైదరాబాదు మిక్స్‌ని కాపీ కొట్టి 50 హెర్ట్జ్ దగ్గర పెద్ద బేస్ డ్రమ్ పెడితే కారులో అదిరిపోతుంది, మన ఊళ్లో పాట వినేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉన్న ఫోన్లో అసలు వినబడదు, మిగిలేది పలచటి గొంతూ, టిక్కుటిక్కు మనే శబ్దమూ. జముకు మాత్రం అదే ఫోన్లో దర్జాగా వినిపిస్తుంది. స్పీకర్లు లేని రోజుల్లో వంద మంది కూర్చున్న వీధిలో వినబడటానికే దాన్ని అలా తయారుచేసుకున్నారు.

సొంత పాటలు చేసేవాళ్లలో ఇంకో అలవాటుంది, పాట గట్టిగా వినబడాలని చివర్లో మాస్టరింగ్‌లో శబ్దాన్ని పిండి పిండి నిలువు గోడలా చేస్తారు. స్పాటిఫై లాంటివి పాటలన్నిటినీ సుమారు మైనస్ 14 లఫ్స్ (గట్టితనాన్ని కొలిచే లెక్క) అనే ఒకే స్థాయికి తెచ్చి వినిపిస్తాయి. మరీ గట్టిగా చేసిన పాటని అది తగ్గించేస్తుంది. అప్పుడు గట్టిదనం పోతుంది, నలిగిపోయిన శబ్దం మాత్రం మిగులుతుంది. తప్పెటగుళ్ల దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండే ఖాళీ ఈ పిండుడులో చచ్చిపోతుంది. ఆ ఖాళీయే కాలు కదిలిస్తుంది.

అసలు ఇక్కడి పాటగాళ్లకి చెవి ఎక్కడ తయారవుతుందో చూస్తే కొంత అర్థమవుతుంది. మన వైపు ఆర్కెస్ట్రాని ‘మెలొడీ’ అంటారు. పెళ్లికి, పూజకి, గణేశ్ మండపానికి మెలొడీ పిలుస్తారు. కీబోర్డు, ఆక్టోప్యాడ్ అనే ఎలక్ట్రానిక్ డ్రమ్ పలక, ఢోలు, ఇద్దరు ముగ్గురు పాడేవాళ్లు. ముందు ఒక భజన్, తర్వాత రెండు ఒడియా పాటలు, పెళ్లికొడుకు వైపు తెలుగువాళ్లయితే చిరంజీవి పాట, ఆ వెంటనే హిందీ, పదకొండు దాటాక పడమటి ఒడిశా సంబల్‌పురి పాట. ఆక్టోప్యాడ్ వాయించేవాడు ఒక భాష నుంచి ఇంకో భాషకి పోయేటప్పుడు పాట ఆపడు, ఎడమ చేత్తో ఒక మీట నొక్కి శబ్దాలు మార్చేస్తూ కుడి చేత్తో తాళం అలాగే నడిపిస్తాడు, ఆ అర నిమిషంలో కింద నిలబడ్డ తెలుగు గుంటలూ ఒడియా గుంటలూ ఒకే అడుగు వేస్తూ ఉంటారు. ఇంత పని వచ్చినవాళ్లు దేశంలో తక్కువ. కానీ మెలొడీలో విలువ ఉన్నదున్నట్టు పాడటానికే. కొత్త పాట పాడితే జనం కూర్చుంటారు, ఒరిజినల్‌లా పాడితే నోట్లు విసురుతారు. ఇరవై ఏళ్లు అలా పాడిన గొంతుకి సొంత వరస అడిగితే కష్టంగానే ఉంటుంది. అయినా ఆ అర నిమిషపు మార్పు ఉంది చూశారా, తెలుగు నుంచి ఒడియాకి ఆగకుండా పోవడం, దాన్ని పాటగా చేస్తే అది మనం తప్ప ఇంకెవరూ చెయ్యలేని పాట.

అలాంటి రెండు భాషల పాట చేస్తే యాప్‌లో ఒక ఇబ్బంది వస్తుంది. పాటని స్పాటిఫై, జియోసావన్ లాంటి వాటికి పంపేటప్పుడు భాష అనే గడిలో ఒకటే ఎంచుకోవాలి. తెలుగు అని పెడితే ఒడియా వినేవాళ్లకి అంతగా చూపించదు, ఒడియా అంటే తెలుగువాళ్లకి అంతగా చేరదు. యూట్యూబ్‌లోనూ వీడియో భాష ఒకటే. తెలివైన యంత్రం ఎవరు వింటున్నారో చూసి నెమ్మదిగా నేర్చుకుంటుందన్నది నిజమే గానీ నేర్చుకోవడానికి దానికి ముందు కొన్ని వేల మంది వినాలి, ఆ కొన్ని వేలు రావడమే మన సమస్య.

డబ్బు లెక్క చూస్తే ఇంకా కరుకు. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకి పన్నెండు నెలల్లో కనీసం 1000 ప్లేలు రాకపోతే దానికి రూపాయి రాదు. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు మొదలవ్వాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వ్యూయింగ్, లేదా మూడు నెలల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ ఉండాలి. రాయగడ నుంచి పాట పెట్టే ఒక కుర్రాడికి మొదటి రెండేళ్లు ఇందులో ఏదీ రాదనుకోవాలి. పైగా వింక్, రెస్సో లాంటి యాప్‌లు 2024లో మూతపడ్డాయి, పాట పెట్టుకునే చోట్లు కూడా తగ్గుతున్నాయి. కాబట్టి ఇండీ పాటతో బతకొచ్చని ఎవరైనా చెప్తే నమ్మక్కర్లేదు. తెలంగాణ పాటగాళ్లు కూడా బతికేది స్టేజీ ప్రోగ్రాములతో, యూట్యూబ్ వాళ్లకి విజిటింగ్ కార్డు. మన మెలొడీ వాళ్లకి స్టేజీ ఇప్పటికే ఉంది, లేనిది ఆ కార్డు మీద రాసుకోవడానికి సొంత పాట.

హక్కుల సంగతి ఒక్కటి మాత్రం మొదటి రోజే తెలిసి ఉండాలి, దీని మీద నిర్లక్ష్యం చూస్తుంటే నిజంగా టెన్షన్ వస్తుంది. ఒడిశాలో ‘రంగబతి’ని మించిన ఉదాహరణ లేదు. 1970ల్లో సంబల్‌పూర్ ఆకాశవాణి కోసం మిత్రభాను గౌంతియా రాసి, ప్రభుదత్త ప్రధాన్ వరస కట్టి, జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్ పాడిన పాట అది. తర్వాత జనం దాన్ని ఎంతగా సొంతం చేసుకున్నారంటే అది ఎవరో రాశారన్న సంగతే మర్చిపోయారు, జానపదం అనుకున్నారు. 2015లో కోక్ స్టూడియోలో రామ్ సంపత్, సోనా మహాపాత్ర, రితురాజ్ మొహంతీ కొత్తగా చేసినప్పుడు రాసినవారూ వరస కట్టినవారూ లీగల్ నోటీసు ఇవ్వాల్సి వచ్చింది. ఆ పాట దేశానికంతా మళ్లీ తెలిసింది, అదే సమయంలో అది ఎవరిదన్న ప్రశ్నా లేచింది. హరిపాల్, గౌంతియా, కృష్ణా పటేల్‌కి తర్వాత పద్మశ్రీలు వచ్చాయి. పాట పుట్టి అప్పటికి నలభై ఏళ్లు దాటింది.

మన వైపు ఇది రోజూ జరుగుతోంది. ఊరి ముసలావిడ పాడిన వరసని ఎవరో ఫోన్లో రికార్డు చేస్తారు, ఇంకెవరో బీట్ వేసి పెడతారు, కింద ‘ఫోక్’ అని రాసేస్తారు. తరతరాలుగా వస్తున్న జానపదం మీద ఎవరికీ హక్కు ఉండదు, కానీ దాన్ని రికార్డు చేసినవాడికి ఆ రికార్డింగు మీద 60 ఏళ్ల హక్కు ఉంటుంది. ఆ రికార్డింగు యూట్యూబ్‌లో ఎవరి పాట ఎవరు వాడారో పట్టుకునే కంటెంట్ ఐడీలోకి ఎక్కితే, రేపు అదే ముసలావిడ మనవడు ఆ ముక్క వాడుకుని వీడియో పెట్టినా క్లెయిమ్ పడొచ్చు. రాసినవాళ్లకి మాత్రం 2012 చట్ట సవరణ ఒక గట్టి హక్కు ఇచ్చింది. సినిమా కోసం రాసినా కూడా రాయల్టీలో వాటాని కాగితం మీద సంతకం పెట్టించుకుని లాగేసుకోవడం కుదరదు. ఇది తెలియక ‘పాట మొత్తం మాకే’ అన్న కాగితం మీద సంతకం పెట్టేవాళ్లు చాలామంది. కొత్త పాట కింద రాసేటప్పుడు రచన, వరస, గొంతు, వాయిద్యం, సేకరణ ఎవరి దగ్గర, ఏ ఊరు, ఇవన్నీ పేర్లతో రాయడం రెండు నిమిషాల పని.

ఒడియావాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది, ఇది అభిమానులకి అంత సులువుగా మింగుడుపడదు. చాలా ఏళ్లు ఒడియా సినిమా మన తెలుగు సినిమాల రీమేకుల మీద బతికింది, దాంతో ఇక్కడ తెలుగు కుర్రాళ్లలో కొంచెం పెద్దరికం పెరిగింది. ఆ రోజులు మారుతున్నాయి. 2022 నవంబరులో వచ్చిన ‘దమన్’ మల్కన్‌గిరిలో తెగిపోయినట్టున్న ఊళ్లలో మలేరియాతో పోరాడిన ఒక డాక్టరు కథ. మనం మల్కన్‌గిరికి పోలీసులూ స్మగ్లర్లూ తిరిగే అడవి కోసం వెళ్లాం, వాళ్లు అక్కడి మనిషి కోసం వెళ్లారు. సినిమాగా ‘దమన్’లో లోపాలున్నాయి, సాగదీత ఉంది, అయినా ఆ తేడా ఒప్పుకోవాలి. పాటల్లో కూడా అంతే. కలహండికి చెందిన దూలే రాకర్ 2020లో వలస కూలీల బాధ మీద ర్యాప్ చేసినప్పుడు ఖరీదైన స్టూడియో లేదు, కెమెరా లేదు, పడమటి ఒడిశా కోసలి మాటలో కోపం ఉంది. సూరత్ మిల్లులకి, చెన్నై ఇటుక బట్టీలకి వెళ్లే రైళ్లు బరంపురం మీదుగా కూడా పోతాయి, వాటిలో తెలుగు మాట్లాడేవాళ్లూ ఉంటారు. ఆ ప్రయాణం మీద మన యాసలో ఒక మంచి పాట కోసం ఇంకా ఎదురుచూపే.

రాబోయే సినిమాల విషయానికొస్తే, మిగతావాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, తేదీలు మారుతూనే ఉంటాయి, పోస్టర్లు వస్తూనే ఉంటాయి. ‘వారణాసి’ మీదే ఇక్కడ నిజమైన ఆశ. రాజమౌళి సినిమాల్లో కీరవాణి జానపదాన్ని ఎలా వాడతారో తెలిసిందే, మాస్ అడుగుని ఆయనంత శుభ్రంగా పట్టేవాళ్లు తక్కువ. కొరాపుట్‌లో తీసిన సీన్లు కథలో ఏ దేశంగా కనిపించినా పర్వాలేదు, ఆ కొండల మీద వినిపించే సంగీతంలో ధెమ్సా అడుగు ఒక్క నిమిషం ఉన్నా ఇక్కడ థియేటర్లో కాయితాలు ఎగురుతాయి. లేకపోయినా సినిమా బాగుంటే నాలుగుసార్లు చూస్తాం, అందులో అనుమానమే లేదు. కానీ ఆ ఒక్క నిమిషం కోసం ఎదురుచూడటం, అది రాకపోతే నిరాశపడటం ఈలోగా మనం చేసే పనికి బదులు కాకూడదు. షూటింగులో దొంగచాటుగా తీసిన వీడియోని వేల మందికి పంపిన ఉత్సాహంలో పదో వంతు మన పక్క వీధి పాటగాడి లింకు పంపడంలో కనిపిస్తే 1000 ప్లేల గీత ఒక వారంలో దాటుతుంది.

చేయాల్సినవి చిన్న పనులే. భాష గడిలో ఒకటే పెట్టనిచ్చినా, యూట్యూబ్‌లో అదే వీడియోకి పేరునీ వివరాన్నీ వేరే భాషల్లో కూడా చేర్చుకోవచ్చు. తెలుగు పేరు పెట్టి ఒడియా లిపిలో ఇంకోటి చేరిస్తే భువనేశ్వర్‌లో వెతికేవాడికీ కనబడుతుంది. మిక్స్ అయ్యాక పెద్ద స్పీకర్లలో విని మురిసిపోకుండా, ఎనిమిది వేల రూపాయల ఫోన్లో, బస్టాండులో నిలబడి ఒకసారి వినాలి. పల్లవిలో ‘నేను’ అని రాసిన చోట ‘నాను’ అని పాడి చూడాలి, మీటరు చాలాసార్లు సరిపోతుంది, ఎందుకంటే ఆ వరస కట్టిన నోరు అలాగే పలుకుతుంది. ఈసారి ఠాకురాణి జాతరకి పులివేషం వీధిలోకి వచ్చినప్పుడు ఫోను పైకెత్తి వీడియో తీసేవాళ్లు వందల మంది ఉంటారు. పక్కన డోలు, సన్నాయి లాంటి మహురి వాయించేవాళ్ల దగ్గరగా కూర్చుని, పది నిమిషాలు మాట్లాడకుండా శబ్దం మాత్రం రికార్డు చేసి, అయిపోయాక వాళ్ల పేర్లూ ఊరూ అడిగి రాసుకునేవాడు ఒకడుంటే చాలు.